రిమార్కుల గడి

బెయిరా నుంచి లెక్కలాయన వచ్చాడు,
బూట్లకి మా ఊరి బురద అంటకుండా
ఇటుక మీంచి ఇటుక మీదకి అడుగులేస్తూ.
పేరు అదెరితో. చేతిలో రెండేళ్ల కిందటి కాగితం.
దాని అడుగున నా సంతకం:
ఫెలిజ్మీనా ముషాంగా, ఊరి విపత్తు కమిటీ.
అప్పటికింకా నా అక్షరాలు గట్టు ఎక్కలేదు,
గీత కిందకి జారిపోయేవి.

"సైకిల్ ఒకటి."
ఉంది. ముందు చక్రం లేదు.
"రేడియో ఒకటి."
ఉంది. ఎండలో పెడితే మాట్లాడుతుంది.
"జెండాలు మూడు."
రెండున్నాయి.
ఆయన కలం అక్కడ ఆగింది.

శిక్షణ రెండు రోజులు, బడిగదిలో.
పద్దెనిమిది మందికి భోజనం డబ్బు మంజూరైంది,
ముప్పై ఒక్కరం తిన్నాం.
నేర్పినావిడ ఒర్లాందా, బొంగురు గొంతు.
నీలం జెండా అంటే రెండు రోజులు,
పసుపంటే ఒక్కటి,
ఎరుపంటే ఆరు గంటలు అని
ఎక్కాల్లా వల్లె వేయించింది.
ముసలి జుస్తీనోని కుర్చీలో కూర్చోబెట్టి
నలుగురం మోస్తూ బడి చుట్టూ తిరిగాం.
ఆయన రాజుగారిలా చెయ్యి ఊపాడు.
నవ్వీ నవ్వీ ఒకసారి కింద పడేశాం కూడా.

మెగాఫోన్ వచ్చింది, బ్యాటరీలు రాలేదు.
అవి వేరే పద్దు కిందకొస్తాయట,
ఆ పద్దు వచ్చే ఏడాదికట.
నీరు పల్లమెరుగు.
డబ్బుకి ఆ విద్య ఎవరూ నేర్పలేదు;
రాజధానిలో బయల్దేరింది
మెట్టమెట్టకీ కూలబడి
మా దాకా వచ్చేసరికి
తడి మాత్రం మిగిలింది.

ఆ రాత్రి రేడియో తిన్నగా ఎరుపు అంది.
నీలానికీ పసుపుకీ వ్యవధి లేదు.
చీకట్లో జెండా ఎవరికి కనిపిస్తుంది?
ఖాళీ మెగాఫోన్ నోటికి పెట్టుకుని అరిచాను.
బ్యాటరీ లేకపోతేనేం, గరాటే కదా,
గొంతుని ఒక దిక్కుకి పోస్తుంది.
గుమ్మం గుమ్మానికీ దిక్కు మార్చి పోశాను.
మూడో వీధిలో మాట పోయింది.
అప్పుడు ఈల.
ఈల మీ పట్టీలో లేదు అదెరితోగారూ,
బస్సెక్కే ముందు ఒర్లాందా
తన మెడలోంచి తీసి నా మెడలో వేసింది.

జుస్తీనోని కుర్చీతో ఎత్తాం, ఆ నలుగురమే.
కాళ్లకి లెక్క గుర్తుంది,
ఎవరు ముందు వంగాలో, ఎవరు ఆగాలో.
నీళ్లు నడుం దాకా వచ్చినప్పుడు
"చెయ్యి ఊపమంటారా?" అన్నాడు.
ఏడుపులాంటి నవ్వు నవ్వాం.
ఈసారి పడెయ్యలేదు.

ఇళ్లన్నీ తిరిగాం, పటం ప్రకారం.
ఒర్లాందా దగ్గరుండి గీయించిన పటం:
నూట పన్నెండు గడపలు,
గర్భిణి ఉంటే చుక్క, నడవలేనివాళ్లుంటే గుణకారం గుర్తు.
పటం గీసిన రోజుకి
బెలార్మీనా ఇంకా ఏటి ఒడ్డుకి కాపురానికి రాలేదు.
చుక్కా లేదు, గుర్తూ లేదు,
ఆమె గడపే లేదు.

మూడోనాడు దొరికింది, రెల్లు పొదలో.
ఊళ్లో పొడిగుడ్డ అనేది లేదు,
ప్లాస్టిక్ సంచీలో మడత విప్పని
ఆ ఎర్ర జెండా తప్ప.

రిమార్కుల గడి రెండు వేళ్ల వెడల్పు.
అదెరితో చాలాసేపు దాన్నే చూశాడు.
"పోయింది" అని మొదలుపెట్టబోతే
చెయ్యి అడ్డం పెట్టాను.
"వాడాం" అని రాయండి.
రాశాడు.
కలం మూసి, బూట్లతోనే బురదలోకి దిగి
రేవు ఎటు అని అడిగాడు.

వెళ్లేటప్పుడు మళ్లీ కాగితం తీశాడు:
ఈ ఏడాది శిక్షణకి పద్దెనిమిది మందేనా?
తిండి సంగతి మేం చూసుకుంటాం అన్నాను.
బ్యాటరీలు ఏ పద్దులోనైనా సరే పంపండి.
పటానికి మాత్రం పెద్ద కాగితం కావాలి,
ఏటి వైపు అంచు
బాగా ఖాళీగా ఉండేది.